ఆ తోలు ఎవరిది?

అనగనగా ఒక అడవి. పచ్చగా, చల్లగా ఉండే అడవి అనుకునేరు. కాదు, ఎండాకాలం అడవి. ఆకులు రాలిపోయి, వాగు ఎండిపోయి, బండలు పెనంలా కాలిపోయే అడవి. మధ్యాహ్నం పూట బయట అడుగు పెట్టడానికి లేదు. పిల్లలన్నీ పొదల్లో పడుకుని "అమ్మా, ఏం తోచడం లేదు. అమ్మా, ఏం తోచడం లేదు" అని ఒకటే సణుగుడు. అచ్చం మీలాగే.

ఆ సణుగుడు భరించలేక ఏనుగవ్వ పెద్దలందర్నీ పిలిచింది. ఏనుగవ్వ అంటే ఆ అడవికి పెద్ద దిక్కు.

"ఈ పిల్లల గోల నావల్ల కాదు. మనం ఒక వేసవి పండుగ చేద్దాం. పాటలు, బొమ్మలు, రంగులు, ఆటలు. ఎవరికి ఏ విద్య వస్తే అది పిల్లలకు చూపించండి. పండుగ అయ్యేదాకా పులి గానీ, చిరుత గానీ మైదానం వైపు రాకూడదు. వస్తే ముందు నాతో మాట్లాడాలి" అంది.

ఏనుగవ్వతో మాట్లాడాలని ఎవరికి ఉంటుంది? అందరూ సరేనన్నారు.

చిలుక చెట్టు చెట్టుకూ తిరిగి చాటింపు వేసింది.

"వినండహో! మూడు రోజుల వేసవి పండుగ! మొదటి రోజు కుమ్మరిపురుగు దగ్గర మట్టిబొమ్మలు! రెండో రోజు మోదుగపూల రంగులు, ఎలుగుబంటి డప్పు! మూడో రోజు సాయంత్రం కొండ అవతలి నుంచి వచ్చిన కొండముచ్చు ఓబులయ్య తోలుబొమ్మలాట! పిల్లలందరూ తప్పకుండా రావాలహో! పిల్లలు లేనిదే తోలుబొమ్మలు లేవహో!"

ఆ చాటింపు విని అడవంతా గంతులేసింది. ఒక్క తల్లి మాత్రం నిలబడ్డ చోటే బిగుసుకుపోయింది.

ఆ తల్లి ఒక చుక్కల జింక. తంగేడు పొద కింద పుట్టింది కాబట్టి ఆమె పేరు తంగేడు. అడవిలో అందరూ ఎదురుగా 'తంగేడక్కా' అనేవాళ్ళు. వెనకాల మాత్రం 'అనుమానాలక్క' అనేవాళ్ళు. నీళ్ళు తాగే ముందు నీళ్ళను వాసన చూసేది. గాలి వస్తే ఎందుకొచ్చింది అని తల ఎత్తేది. గాలి ఆగిపోతే ఎందుకు ఆగింది అని మళ్ళీ తల ఎత్తేది.

నవ్వకండి. ఆమె అట్లా అయిపోవడానికి కారణం ఉంది.

తంగేడుకు ఒక అక్క ఉండేది. పేరు సంపెంగ. చిన్నప్పుడు ముళ్ళకంప తగులుకుని సంపెంగ ఎడమ చెవి కొస రెండుగా చీలింది. ఆ ఒక్క తేడా తప్ప అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేలా ఉండేవారు. ఒక ఎండాకాలం సంపెంగ నీళ్ళు వెతుక్కుంటూ కొండ కిందికి, మనుషులుండే వైపు పోయింది. తిరిగి రాలేదు. వెతుక్కుంటూ వెళ్ళిన తంగేడుకు ఒక కంచె మీద ఎండబెట్టిన తోలు కనబడింది. చుక్కల తోలు. ఆనాటి నుంచి 'తోలు' అన్న మాట వినబడితే చాలు, తంగేడు కాళ్ళు వణికేవి.

తోలుబొమ్మలాట అనగానే మీకు తెర గుర్తొస్తుంది, పాట గుర్తొస్తుంది. జింకకు ఏం గుర్తొస్తుంది చెప్పండి? అడవిలో మిగతావాళ్ళు ఆ మాటలో ఆటను విన్నారు. తంగేడు తోలును వింది.

"తోలుతో బొమ్మలా? ఎవరి తోలుతో? పిల్లలు లేనిదే తోలుబొమ్మలు లేవంటే అర్థం ఏమిటి?" అని ఆమె తనలో తానే గొణుక్కుంది.

ఆమె కూతురు పొగడకు ఈ గొడవేమీ తెలియదు. అది అమ్మ చుట్టూ గిరగిరా తిరిగింది.

"అమ్మా, పోదామా? చెవులపిల్లి పిల్లలు పోతున్నాయి. ఉడుత పిల్లలు పోతున్నాయి. నేనొక్కదాన్నే పొదలో పడి ఉండాలా?"

చెవులపిల్లి అంటే మన కుందేలే. ఆ అడవిలో అట్లా పిలిచేవారు.

"ఊరికే పిలిచి ఊరికే ఆడించేవాళ్ళు ఎవరుంటారే?" అంది తంగేడు.

"ఏనుగవ్వే కదమ్మా పిలిచింది!"

"ఏనుగవ్వ మంచిదే. ఆ కొండముచ్చు ఎవరో, ఏమిటో ఎవరికి తెలుసు?"

పొగడ మూతి ముడుచుకుని కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్ల ఏడుపు ముఖం చూస్తే ఏ తల్లికైనా మనసు ఆగుతుందా?

"సరే, పద. నా పక్కనుంచి కదిలావంటే తోలు తీస్తా!" అంది తంగేడు.

విన్నారా ఆ మాట? గుర్తుంచుకోండి. దానితో మనకు పని పడుతుంది.

మొదటి రోజు మైదానంలో పిల్లల కేరింతలే కేరింతలు. కుమ్మరిపురుగు తడిమట్టి ముద్దలు పంచింది. చెవులపిల్లి పిల్లలు మట్టితో ముల్లంగి చేశాయి. పొగడ ఎలుగుబంటిని చేద్దామనుకుంది, అది గుమ్మడికాయలా వచ్చింది. అందరూ పడీ పడీ నవ్వారు. అందరికన్నా ఎక్కువగా పొగడే నవ్వింది. ఎన్నాళ్ళకో తన పిల్ల అట్లా నవ్వడం చూసి తంగేడుకు సంతోషమైంది. అయినా మట్టిని వాసన చూడకుండా ఉండలేకపోయింది.

"ఈ మట్టి ఎక్కడిది?" అని అడిగింది.

"వాగు ఒడ్డుది అక్కా. మట్టి మీద కూడా అనుమానమేనా!" అని కుమ్మరిపురుగు నవ్వింది.

ఆ సాయంత్రం తంగేడు ఒక్క క్షణం తల తిప్పేసరికి పక్కన పొగడ లేదు. పరుగెత్తి చూస్తే, ఒక పెద్ద బండ పక్కన కదలకుండా నిలబడి ఉంది. ఎదురుగా కొండముచ్చు ఓబులయ్య. నల్లటి ముఖం, తెల్లటి గడ్డం, పొడుగాటి తోక. చేతిలో ఒక తీగ పట్టుకుని పొగడను చెవి నుంచి తోక దాకా కొలుస్తున్నాడు.

"కదలొద్దు పాపా. చెవి ఇంత, వీపు ఇంత. చుక్కలు కూడా బాగా చూసుకోవాల. ఒక్క చుక్క తప్పు పోయినా నేను ఒప్పుకోను" అంటున్నాడు.

తల్లిని చూడగానే పొగడ ఎగిరిపడింది.

"ఏం లేదమ్మా! ఊరికే!"

"ఏం చేస్తున్నాడే నిన్ను?"

"చెప్పకూడదమ్మా!"

చెప్పకూడదట! తన పిల్ల తన దగ్గర దాచింది. అంతకన్నా అనుమానించాల్సిన సంగతి ఇంకేం ఉంటుంది? ఆ మాటకు నేనైనా అనుమానపడతాను. మీరు నా దగ్గర దాచినవి బయటపడ్డప్పుడు నేను ఊరుకున్నానా?

రెండో రోజు రంగుల పండుగ. మోదుగపూల రసంతో బండలన్నీ ఎర్రబడ్డాయి. ఉడుత పిల్లలు తోకలు రసంలో ముంచి గీతలు గీశాయి. తంగేడు ఎర్రటి రంగును చూసి ఉలిక్కిపడింది.

"ఈ ఎరుపు ఏమిటి?"

"పూల రసం పెద్దమ్మా. నాకి చూడు" అన్నాయి ఉడుత పిల్లలు.

తంగేడు నాకి చూసింది. పూల రసమే. ఆ రోజంతా ఆమె మూతి ఎర్రగానే ఉంది. తరువాత ఎలుగుబంటి డప్పు వాయించాడు. పిల్లలన్నీ దుమ్ము రేగేలా చిందులు వేశాయి. తంగేడు మాత్రం డప్పు దగ్గరికి వెళ్ళింది.

"ఈ డప్పుకు వేసిన తోలు ఎవరిది?"

"తోలెక్కడిది అక్కా? ఇది బోలు మొద్దు" అని ఎలుగుబంటి తిప్పి చూపించాడు.

చూశారా, అడిగిన ప్రతిచోటా ఆమెకు జవాబు దొరికింది. మట్టి గురించి అడిగింది, రంగు గురించి అడిగింది, డప్పు గురించి అడిగింది. ఎవరిని చూసి నిజంగా భయపడిందో వాడిని మాత్రం అడగలేదు. పెద్ద భయం పట్టుకుంటే నోరు పెగలదు మరి.

అడగడానికి బదులు ఏం చేసింది? చెవి పెట్టింది. పిల్లలు చిందులేస్తుండగా చప్పుడు చేయకుండా ఆ పెద్ద బండ వెనకాలకు వెళ్ళింది. అక్కడ ఒక చిన్న గుహ ఉంది. లోపలి నుంచి ఓబులయ్య గొంతు వినబడింది.

"ఇది మరీ లేత తోలు. పిల్లోడిది కదా, వెలుగు బాగా వస్తాది. ఇంకొకటి ఉంటే బాగుండు."

లోపల ఇంకెవరిదో బుసబుసలాడే గొంతు.

"రేపు పొద్దున్నే ఇంకో పిల్లవాడిది తెస్తాను. కాస్త గింజుకుంటాడు. అంతే. తరువాత ఏ బాధా ఉండదు."

"అయితే సరే. ఇంక తంగేడు ఒక్కటే తక్కువ. ఈ పొద్దు ఎట్లాగైనా తంగేడును పట్టుకొస్తా. అది దొరికిందంటే తోలు పని అయిపోయినట్టే."

తంగేడుకు పై ప్రాణాలు పైనే పోయాయి. తన పేరే! రాతి సందులోంచి తొంగి చూసింది. మసక వెలుతురులో దండెం మీద ఒక పెద్ద తోలు వేలాడుతోంది. దాని నిండా చుక్కలు.

ఒక్క పరుగున వెనక్కి వచ్చింది. వస్తుంటే గుహలోంచి ఓబులయ్య కూడా బయటికి వచ్చాడు. అప్పుడే ఉడుత పిల్లలు వచ్చి అతని తోక పట్టుకుని ఉయ్యాల ఊగాయి.

"దిగండి! దిగకుంటే ఒక్కొక్కరి తోలు తీస్తా!" అని అతను గట్టిగా అరిచాడు.

తంగేడు చెట్టు చాటున నిలబడి ఆ మాట కూడా విన్నది. ఇంకేం కావాలి? అంతా తేలిపోయింది అనుకుంది.

అప్పుడు ఓబులయ్య కళ్ళు ఆమె మీద పడ్డాయి.

"ఏందమ్మా, రెండు దినాలుగా నన్నే చూస్తా ఉండావు. ఏమన్నా అడగాల్నా?" అన్నాడు.

అదిగో, అక్కడే కథ అంతా ఉంది. ఆ తోలు ఎవరిది అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మీరు హాయిగా పడుకునేవారు. నేనూ పడుకునేదాన్ని.

తంగేడు అడగలేదు.

"ఏం లేదు" అని తల తిప్పుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళి ఊరుకుందా? చెవులపిల్లి దగ్గరికి వెళ్ళింది. చెవిలో మెల్లగా చెప్పింది.

"ఆ కొండముచ్చు దగ్గర చుక్కల తోలు ఉంది. నా పిల్లను కొలిచాడు. ఎవరికీ చెప్పకు."

చెవులపిల్లి ఎవరికీ చెప్పలేదు. ఒక్క ఉడుత తల్లికి మాత్రం చెప్పింది.

"ఆ కొండముచ్చు మన పిల్లలందర్నీ కొలుస్తున్నాడట. ఎవరికీ చెప్పకు."

ఉడుత తల్లి కూడా ఎవరికీ చెప్పలేదు. ఒక్క అడవిపందికి మాత్రం చెప్పింది.

"వాడు కొలిచిన పిల్లల్లో ఇద్దరు కనబడడం లేదట. ఎవరికీ చెప్పకు."

అడవిపందికి తొందరెక్కువ. ముక్కుతో నేల తవ్వుకుంటూ, రొప్పుకుంటూ తిన్నగా తంగేడు దగ్గరికే వచ్చాడు.

"తంగేడక్కా, నీకింకా తెలియదా? ఆ కొండముచ్చు ఇద్దరు పిల్లల తోలు ఒలిచి బండ మీద ఆరేశాడట!"

"అయ్యో! నేను అనుకున్నదే నిజమైంది. నా ఒక్కదాని అనుమానమే అనుకున్నాను. ఇంకెవరో కూడా చూశారన్నమాట!" అంది తంగేడు.

ఇంకెవరూ చూడలేదు పిల్లలూ. ఆమె మాటే అడవంతా తిరిగి, చిలవలు పలవలు వేసుకుని, ఆమె దగ్గరికే తిరిగొచ్చింది. తన మాటను తానే గుర్తుపట్టలేదు.

మూడో రోజు సాయంత్రమైంది.

"ఈ రోజు మనం పోవడం లేదు" అంది తంగేడు.

పొగడ ముఖం వాడిపోయింది. "ఈ రోజు నువ్వు రాకపోతే ఎట్లా అమ్మా? నువ్వు చూడాలనే కదా..." అంటూ నాలుక కరుచుకుంది.

"నోరు మూసుకుని ఈ పొదలోనే ఉండు!" అని తంగేడు మైదానం వైపు పరుగెత్తింది. దారిలో చెవులపిల్లి, ఉడుత తల్లి, అడవిపంది కలిశారు.

మైదానంలో రెండు చెట్ల మధ్య సాలీళ్ళు పలుచటి తెర నేశాయి. తెర వెనకాల ఎర్రటి సూర్యుడు కొండ మీదికి దిగుతున్నాడు. ఆ వెలుగే దీపం. తెర ముందు పిల్లలన్నీ బారులు తీరి కూర్చున్నాయి. మట్టి ముల్లంగులు ఒడిలో పెట్టుకుని, రంగు తోకలు ఊపుకుంటూ, ఆట ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాయి.

"పిల్లల్లారా, లేవండి! పారిపోండి!" అని అడవిపంది అరిచాడు.

పిల్లలు ఎటు వాళ్ళు అటు చెదిరిపోయారు. కాళ్ళ కింద మట్టిబొమ్మలు పిండైపోయాయి. తంగేడు తిన్నగా తెర వెనకాలకు దూసుకెళ్ళింది. అక్కడ కర్రకు కట్టి ఉంది ఆ పెద్ద చుక్కల తోలు. పక్కనే ఒక చిన్న చుక్కల తోలు. చిన్నదాన్ని చూడగానే ఆమెకు ఒళ్ళు తెలియలేదు. ముందు కాళ్ళతో రెండింటినీ తన్నింది, తొక్కింది. పరపరా చిరిగిపోయాయి.

"అమ్మా! ఆపమ్మా! వద్దు!"

ఎవరా అరిచింది? పొగడ. పొదలో ఉండలేక వెంటే పరుగెత్తుకొచ్చింది.

"ఏమిటీ గోల?" అంటూ ఏనుగవ్వ వచ్చి మధ్యలో నిలబడింది. అందరూ గప్‌చుప్. "పందీ, నువ్వెందుకు వచ్చావు?"

"ఇద్దరు పిల్లల తోలు ఒలిచారని ఉడుతమ్మ చెప్పింది" అన్నాడు అడవిపంది.

"నేను ఒలిచారనలేదు! కనబడడం లేదన్నాను. కొలిచారని చెవులపిల్లి చెప్పింది" అంది ఉడుత తల్లి.

"నాకు తంగేడక్క చెప్పింది" అంది చెవులపిల్లి.

ఏనుగవ్వ చెదిరిపోయిన పిల్లలందర్నీ వెనక్కి పిలిచి లెక్కపెట్టింది. ఒక్కరూ తగ్గలేదు.

"తంగేడూ, నువ్వేం చూశావు?"

తంగేడు రొప్పుతూ చెప్పింది. "పిల్లల తోలు తీస్తానన్నాడు అవ్వా! నా చెవులతో విన్నాను."

"నువ్వు నన్ను రోజూ అంటావు కదమ్మా!" అంది పొగడ.

తల్లులందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని తల దించుకున్నారు. అనని తల్లి ఉంటేగా!

"తంగేడును పట్టుకొస్తానన్నాడు. అది కూడా విన్నాను. నా పేరే చెప్పాడు!"

ఓబులయ్య ఒక బెరడు ముక్క తీసి నేల మీద పడేశాడు. "ఇది తంగేడు చెక్క. దీని రసంలో నానేస్తేనే తోలు గట్టిపడేది. నీ పేరు తంగేడని నాకెట్లా తెలుస్తాది? నువ్వు చెప్తే కదా!"

"మరి ఆ తోలు? ఆ లేత తోలు ఎవరిది?"

బండ కిందినుంచి ముసలి జెర్రిపోతు నెమ్మదిగా బయటికి వచ్చింది. అదే, ఎవరినీ ఏమీ అనని పాము. దాని వెనకాల దాని మనవళ్ళు, నిగనిగలాడుతూ.

"నాదే తల్లీ. నాదీ, నా మనవళ్ళదీ. కుబుసం. ఏటా మేం విడిచేసేదే. ఎవరికీ నొప్పి లేకుండా వచ్చే తోలు అదొక్కటే అని ఓబులయ్య నన్ను అడిగాడు. మా పుట్టల్లో ఉన్నదంతా ఇచ్చేశాను. అవన్నీ కలిపి కుట్టాడు. చుక్కలన్నీ ముల్లుతో పొడిచాడు, వెలుగు రావాలని" అంది.

తంగేడు తల దించి కాళ్ళ కింద చూసింది. చిరిగిన ముక్కల్లో ఒక చెవి కనబడింది. ఎడమ చెవి. దాని కొస రెండుగా చీలి ఉంది. తన కాలు తగిలి చిరిగిందేమో అనుకుంది. వంగి చూసింది. చిరగలేదు. ఎవరో ఎంతో శ్రద్ధగా అట్లా కత్తిరించారు.

"ఇది..." అంది తంగేడు.

"పెద్దమ్మ" అంది పొగడ, వెక్కి వెక్కి ఏడుస్తూ. "నువ్వు నిద్రలో అక్కా అక్కా అని ఏడుస్తావు కదమ్మా. పెద్దమ్మ చెవి చీలిన సంగతి కూడా నువ్వే చెప్పావు కదా. అందుకే నేను ఓబులయ్య తాతను అడిగాను. ఆటలో అయినా పెద్దమ్మను ఇంటికి తీసుకురమ్మని. ఆ చిన్న బొమ్మ నేను. పెద్దమ్మకు ఎదురు పోయేది నేనే. నీకు చెప్పకూడదు అని నేనే అన్నాను."

అక్కను ఒకసారి పోగొట్టుకుంది తంగేడు. రెండోసారి తన కాళ్ళతోనే తొక్కేసింది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు విని అడవిపంది కూడా ముక్కు ఎగబీల్చాడు.

ఓబులయ్యకు మాత్రం కోపం తగ్గలేదు. ఎందుకు తగ్గుతుంది? ఎండల్లో కూర్చుని చేసిన పని అంతా పోయింది.

"నిన్ను అడిగినా కదమ్మా! ఏమన్నా అడగాల్నా అని నేనే అడిగినా. ఏం లేదు అంటివి. ఇంక నేను ఆడను. నా దారిన నేను పోతా" అని మూట కట్టుకోసాగాడు.

"తప్పు నాదే. నువ్వు అడిగినప్పుడు నేను నోరు తెరవలేదు. తెరవకూడని చోట తెరిచాను" అంది తంగేడు.

ఓబులయ్య మూట కడుతూ కడుతూ ఆగాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"నాదీ ఉంది తప్పు. పిల్ల చెప్పొద్దనింది సరే, పెద్దోణ్ణి, నాకు బుద్ధుండాల. తల్లికి తెలీకుండా పిల్లను పిలిచి కొలవకూడదు" అన్నాడు. "అయినా ఇప్పుడేం చేస్తాం? బొమ్మలు లేవు. వానలు పడేదాకా జెర్రిపోతుకు కొత్త కుబుసం రాదు."

పిల్లలు ఒక్కొక్కరే తెర ముందుకొచ్చి కూర్చున్నారు. పండుగ ఇట్లా ముగిసిపోతుందా అన్నట్టు తెర వైపే చూస్తున్నారు.

తంగేడు లేచింది. కొండ మీద సూర్యుణ్ణి చూసింది. ఇంకా సగం ఉన్నాడు. తెరను చూసింది. చిరగలేదు.

"మా అక్క నాలాగే ఉండేది. చెవి ఒక్కటే తేడా" అంది.

ఓబులయ్యకు అర్థమైంది. ఒక ఆకు తెంపాడు. దాని కొసను రెండుగా చీల్చాడు. తుమ్మబంక రాసి ఆమె దగ్గరికి వచ్చి, ఎడమ చెవి మీద చెయ్యి వేసి అతికించాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వని తంగేడు నిలువెల్లా వణికింది. కానీ కదల్లేదు.

ఎలుగుబంటి డప్పు అందుకున్నాడు. ఓబులయ్య గొంతెత్తాడు.

"నీళ్ళకు పోయిన సంపెంగా, నీ కోసం వాగు ఎండిపోయె. వాగు నిండే వేళయింది, ఇంటికి రావే సంపెంగా!"

తెర మీద పొడుగాటి నీడ పడింది. నాలుగు కాళ్ళు, ఎత్తిన తల, కొస చీలిన చెవి. నీడకు ముఖం ఉండదు కదా. అందుకని అది ఎవరైనా కావచ్చు. పిల్లలందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"పెద్దమ్మ వచ్చింది! పొగడా, మీ పెద్దమ్మ వచ్చింది!"

చిన్న నీడ ఒకటి అటునుంచి పరుగెత్తుకొచ్చి పెద్ద నీడ మెడ కింద దూరింది. పెద్ద నీడ తల వంచింది. అప్పుడు తెర వెనకనుంచి ఒక మాట వినబడింది. అది ఓబులయ్య నేర్పిన మాట కాదు.

"చెల్లీ, పిల్లను కనిపెట్టుకుని ఉండు. కానీ ఆడుకోనివ్వు."

ఆ మాట అన్నది తంగేడే. ఎందుకట్లా అన్నదో ఆమెకే తెలియదు. మైదానంలో పెద్దా చిన్నా అందరూ కళ్ళు తుడుచుకున్నారు. కొండ వెనక్కి సూర్యుడు దిగిపోయేదాకా ఆ రెండు నీడలూ అట్లాగే ఉన్నాయి.

ఆట అయ్యాక ఓబులయ్య తంగేడు ముందు ఒక తునికిపండు పెట్టాడు. అంతటితో ఆమె అనుమానం పోయిందనుకుంటున్నారా? ఎక్కడికి పోతుంది! ముందు వాసన చూసింది. తరువాత తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది.

"ఇది ఎక్కడ కోశావు?" అని అడిగింది.

"వాగు పక్కన చెట్టున" అన్నాడు ఓబులయ్య.

"సరే" అని తినేసింది. తిని, "ఇంకొక మాట అడగాలి" అంది.

"అడుగమ్మా."

"వచ్చే ఎండాకాలం కూడా వస్తావా?"

ఓబులయ్య పెద్దగా నవ్వాడు. "వస్తా. అప్పటికి జెర్రిపోతుకు కొత్త తోలు కూడా వస్తాది."

ఈసారి 'తోలు' అన్న మాట విన్నా తంగేడు కాళ్ళు వణకలేదు. పొగడను పిలుచుకుని ఇంటిదారి పట్టింది. దారి పొడుగునా పొగడ గంతులు వేస్తూనే ఉంది. ముళ్ళపొద వైపు మరీ దూరం పోతుంటే, "ఇటు రావే, లేకపోతే తో..." అని తంగేడు ఆగిపోయి నవ్వేసింది.

నీతి: అనుమానం రావడం తప్పు కాదు. ఎవరి మీద వచ్చిందో వారి ముఖం చూసి అడగాలి గానీ, పక్కవారి చెవిలో వేయకూడదు.